కొంగతో తల దువ్వుకోలేం కదా: బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్‌లలో ఐదు రోజులు

మా అత్త దువ్వెనకు రెండు పళ్లు ఊడిపోయాయి. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే. ఇంట్లో చెప్పిన కారణం మాత్రం మనవరాలి పెళ్లికి బరంపురం పట్టుచీర కొనడం.

అత్త మా నాన్నకు అక్క. డెబ్బై రెండేళ్లు. పుట్టిందీ పెరిగిందీ పర్లాకిమిడిలో, కాపురం చేసింది బరంపురంలో, ఇప్పుడు విశాఖలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ దువ్వెన ఆమె పెళ్లికి సారెతో పాటు మా నానమ్మ పెట్టినది. నల్లటి కొమ్ము దువ్వెన. ఒక వైపు వెడల్పు పళ్లు, రెండో వైపు సన్నవి. విశాఖలో ప్లాస్టిక్ దువ్వెనలు ఎన్ని కొనిచ్చినా "జుట్టు లేచిపోతోందే, దాంతో అయితే అణుగుతాది" అంటుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కొమ్ము కూడా మన జుట్టూ గోళ్లలాగే కెరటిన్‌తో తయారైనదే.

సరే, ఇద్దరం బయల్దేరాం. బరంపురంలో రెండు రాత్రులు, పర్లాకిమిడిలో రెండు, రాయగడలో ఒకటి. అన్నీ దక్షిణ ఒడిశా ఊళ్లే. తిరుగు ప్రయాణం రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

బరంపురంలో మొదటి లాడ్జి నా తప్పే. ఫోన్‌లో ఫొటోలు చూసి బుక్ చేశాను. ఫొటోలో ఉన్న కిటికీ గదిలో ఉంది, కానీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, అదీ బకెట్‌లో, అదీ మనమే కిందికి వెళ్లి చెప్పాలి. లిఫ్ట్ ఉంది, పని చేయదు. అత్త మోకాళ్లతో రెండంతస్తులు ఎక్కాక నాతో గంటసేపు మాట్లాడలేదు. మర్నాడు స్టేషన్ వైపు ఇంకో లాడ్జికి మారాం. మూడు వందలు ఎక్కువైనా కింది అంతస్తులో గది, శుభ్రమైన దుప్పట్లు, కౌంటర్‌లో తెలుగు మాట్లాడే కుర్రాడు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఫోన్ చేసి కింది గది అడగండి. ఊళ్లో భాష సమస్య లేనే లేదు. ఆటో అతను ఒడియాలో మొదలుపెట్టి, అత్త ముఖం చూసి తెలుగులోకి వచ్చేశాడు.

ఇక చీర. మొదటి రోజు మధ్యాహ్నం అత్త పడుకుంటే నేనొక్కదాన్నే బడాబజార్ వైపు వెళ్లి, ఒక షాపులో నాకోసం ఒకటి కొనేసుకున్నాను. "పక్కా హ్యాండ్లూమ్ మేడమ్" అన్నాడు. సాయంత్రం అత్త దాన్ని తిరగేసి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు టెన్షన్.

మర్నాడు పొద్దున్నే తనకు తెలిసిన నేతగాళ్ల వీధికి తీసుకెళ్లింది. ఇక్కడి నేతగాళ్లు ఎక్కువగా దేవాంగులు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఒడియావాళ్లు వాళ్లను డేరా అంటారు. మేం వెళ్లిన ఇంట్లో ముందుగదిలోనే గుంటమగ్గం. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు, ఆమె పక్కన కూర్చుని కండెలు చుడుతోంది, గోడమీద టీవీ నడుస్తోంది. నా చీర చూపించాం. ఆయన అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి, "ముళ్ల గుర్తులేవమ్మా?" అన్నాడు. మగ్గం మీద గుడ్డ వెడల్పు లాక్కుపోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు. దాని రెండు కొసల్లో ముళ్లుంటాయి. నేత ముందుకు జరిగినకొద్దీ దాన్నీ జరుపుతుంటారు, అందుకని చేనేత గుడ్డ అంచు పొడవునా సన్నటి చిల్లులు కనిపిస్తాయి. నా చీర అంచు నున్నగా ఉంది. మిషన్ చీర. "కట్టుకోడానికి బానే ఉంటదిలెండి" అని ఓదార్చాడు పాపం. డబ్బు ఎక్కువ పోలేదు గానీ, అబద్ధం కొనుక్కున్నానన్న బాధ మిగిలింది. మీరు మాత్రం అంచు చూసి కొనండి. తెలిసిన ఇల్లు లేకపోతే రాష్ట్ర చేనేత సహకార సంఘం వాళ్ల బొయనికా షోరూమ్‌లో కొనుక్కోవడం మంచిది. బేరం ఉండదు, మోసమూ ఉండదు.

బరంపురం పట్టు గుర్తు అంచులో ఉంటుంది. గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలు. ఫొడా కుంభ అంటారు. దానికి జీఐ (ఫలానా ప్రాంతానికి చెందినదన్న భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది, చీరకే కాదు, జోడాకు కూడా. జోడా అంటే మగవాళ్ల పట్టుపంచె, కండువా. ఆ మగ్గం మీద ఆ రోజు నేస్తున్నది జోడానే. చీరలు పోవడం లేదా అని అడిగాను.

"చీరంటే కంచి కొంటారు, ధర్మవరం కొంటారు, రేప్పొద్దున ఇంకోటి వస్తది. జోడా అలా కాదమ్మా. పెళ్లిపీటల మీద ఇదే కట్టుకోవాలని పెద్దోళ్లు పట్టుబడతారు. ఇష్టం ఉన్నా లేకపోయినా కొనాల్సిందే."

నాకు ఈ మాట నచ్చింది. అందానికి కొనేది మారిపోతుంది. పీటల మీద కూర్చోవడానికి కావలసినది అంత తొందరగా మారదు. అత్త దీనికి ఇంకోటి కలిపింది. రెండేళ్లకోసారి చైత్రంలో బరంపురంలో ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. బుడీ ఠాకురాణీ అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు డేరా కులపెద్ద అయిన దేశిబెహరా వీధిలోనే. వారాల తరబడి ఊరంతా రాత్రిళ్లు మేలుకునే ఉంటుంది, మొక్కున్నవాళ్లు ఒంటికి రంగులు పూసుకుని పులివేషాలు కడతారు. "అమ్మోరు ఈళ్ల ఆడపడుచే మరి. ఆడపడుచు పుట్టింటికొస్తే చీర పెట్టకుండా పంపుతారేటి?" అంది అత్త. మగ్గానికి ఇంతకంటే పెద్ద గిరాకీ ఏముంటుంది!

మనవరాలికి మెరూన్ మీద పసుపు అంచు చీర చెప్పాం. నెలన్నర పడుతుందన్నారు. అడ్వాన్స్ ఇచ్చాం, రసీదు లేదు. అత్త అడగలేదు, నేనూ అడగలేదు.

బెల్లగుంఠ ఇత్తడి చేపలు కూడా చూడాలనుకున్నాను. పొలుసు పొలుసుగా అతికించిన ఇత్తడి చేప, పట్టుకుంటే నిజం చేపలా మెలికలు తిరుగుతుంది. కానీ ఊరు దూరం, బస్సుల టైమింగ్స్ కుదరలేదు. హస్తకళల షాపులో ఒకటి కొని సరిపెట్టుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని పిల్లలు స్నానాల గదిలో ఆడిస్తున్నారు, నల్లబడింది.

బరంపురం నుంచి పలాస వరకు రైలు, అక్కడి నుంచి గుణుపూర్ ప్యాసింజర్. పలాసలో ఎలాగూ ఆగాలి కాబట్టి జీడిపప్పు కొనుక్కోండి. నౌపడా నుంచి లోపలికి తిరిగే ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైంది. అప్పట్లో చిన్న పట్టాల రైలు. అత్త చిన్నప్పుడు అది ఎంత నెమ్మదిగా వెళ్లేదంటే, దిగి చింతకాయలు కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లట. అన్నీ నమ్మాలని లేదు. ఇప్పుడు పెద్ద లైను అయింది, చక్కటి ప్రయాణం. టెక్కలి దాటాక రెండు వైపులా కొండలు, పాతపట్నం తర్వాత మహేంద్రతనయ నది, ఆ వెంటనే పర్లాకిమిడి. ఆంధ్రా ఎక్కడ అయిపోయిందో బోర్డు చూస్తేగానీ తెలియదు.

పర్లాకిమిడిలో మంచి హోటళ్లు వెతక్కండి. మేమున్న లాడ్జి గది చిన్నది, దోమలు దండిగా ఉన్నాయి, కానీ నడిపే ఆవిడ అత్తకు రాత్రి అడక్కుండానే గోరువెచ్చటి నీళ్లు తెచ్చిపెట్టింది. పదికి నేను ఎనిమిది ఇస్తాను. టిఫిన్లు మనవే, ఇడ్లీ, ఉప్మా, పునుగులు. పక్కనే ఒడియావాళ్ల బరా ఘుగుని (వడ, బఠానీ కూర) కూడా దొరుకుతుంది. భోజనం మాత్రం రెండున్నర దాటితే దొరకదు. ఏటీఎంలో ఒక రోజంతా డబ్బు లేదు, దగ్గర నోట్లు ఉంచుకోండి.

రాజావారి కోట బయటి నుంచే చూశాం. గోడలమీద రావి మొక్కలు. బృందావన్ ప్యాలెస్‌కు ప్లాన్ వేసింది మద్రాసులో ఎన్నో పెద్ద కట్టడాలు కట్టిన చిషోమ్. తెలుగువాళ్లు ఇక్కడ ఆగాల్సింది ఇంకొకరి కోసం. గిడుగు రామమూర్తి పంతులు 1880లో రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరింది ఈ ఊళ్లోనే. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలోనూ ఉండాలని కొట్లాడిందీ, కొండల్లోని సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాసిందీ ఇక్కడుండగానే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అత్త వాళ్ల నాన్న, అంటే మా తాత, ఆయన్ని దూరం నుంచి చూశాడట.

సాయంత్రం కొమ్ముపనివాళ్ల దగ్గరికి వెళ్లాం. పర్లాకిమిడి కొమ్ముపని పేరున్నది. ఆవు, గేదె కొమ్ములతో చేస్తారు. అరుగు మీద కుంపటి, గోడకు చిన్న రంపాలు, ఆకురాళ్లు. కొమ్మును నిప్పుసెగకు కాస్తూ నూనె రాస్తే మెత్తబడుతుంది. అప్పుడు వంచుతారు, అణుస్తారు, చల్లారాక ఆకురాయితో రాస్తారు. రాసేటప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. బరక కొమ్ములోంచి నలుపూ తేనెరంగూ కలిసిన నిగారింపు బయటికి రావడం చూస్తుంటే కదలబుద్ధి కాలేదు.

అద్దాల బీరువాలో కొంగలు, జింకలు, రొయ్యలు, నెమళ్లు, పెన్నుల స్టాండ్లు. అత్త అన్నీ చూసి, "దువ్వెన ఏదీ?" అంది.

"దువ్వెన్లు ఎవరూ కొనట్లేదమ్మా. పది రూపాయలకు ప్లాస్టిక్‌ది వస్తంటే. కొంగ తీసుకోండి, టీవీ పక్కన పెట్టుకుంటే బావుంటది."

"కొంగతో తల దువ్వుకోమంటావేటి బాబూ?"

నేను మధ్యలో దూరాను. టీవీ పక్కన కొంగ ఉండటం కూడా ఒక ఉపయోగమే కదత్తా, అలిసిపోయి ఇంటికొచ్చినప్పుడు దాన్ని చూస్తే మనసుకు హాయిగా ఉండదా అన్నాను. అత్త ఒప్పుకోలేదు. ఆయన మాత్రం నవ్వి అసలు లెక్క చెప్పాడు. దువ్వెన చేయడం కష్టం. పళ్ల మధ్య సందు ఒక్కటి తేడా వచ్చినా జుట్టు పీకుతుంది, కొన్నవాళ్లు తిరిగొచ్చి తిడతారు. కొంగ మెడ కొంచెం వంకర పోయినా అది ఇంకో రకం కొంగ అవుతుంది. పైగా దువ్వెన ఒకసారి కొంటే ఇరవయ్యేళ్లు మళ్లీ రారు, కొంగ ముక్కు ఏడాది తిరక్కుండా విరుగుతుంది. ఆ కొంగల మీదే పిల్లల చదువు నడుస్తోందన్నాడు.

అంతసేపూ నేను కళ వైపు, అత్త వాడకం వైపు వాదిస్తున్నామనుకున్నాను. తిట్లు పడే అవకాశం ఉన్న పని ఒకటి, లేని పని ఒకటి అని ఆయన పెట్టిన తేడా మాకిద్దరికీ తట్టలేదు.

అత్త చీరకొంగులో ముడివేసి తెచ్చిన పాత దువ్వెన తీసి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. గోటితో పళ్లమీద ఒకసారి గీశాడు, వీణ మీద గీసినట్టు చిన్న చప్పుడు. "ఇది మా నాన్న కాలంది. ఇలాంటి రంపం ఇప్పుడు నా దగ్గర లేదు. రేపు సాయంత్రం రండి" అన్నాడు. రెండు వందల యాభై చెప్పాడు. బేరం ఆడబోతే అత్త నా మోచేయి గిల్లింది.

మర్నాడు గుణుపూర్ వెళ్లి వచ్చాం. అక్కడ అత్తకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు, సవర భాష బాగా వచ్చు. ఆయన జీపు మాట్లాడి కొండమీది ఒక సవర పల్లెకు తీసుకెళ్లారు. ఇక్కడ ఒక మాట. లాంజియా సవరల (సవరల్లో ఒక శాఖ) గోడబొమ్మలు చూద్దామని ఎవరికి వాళ్లు కారేసుకుని పల్లెల్లోకి దూరిపోకండి. అవి వాళ్ల ఇళ్లు. తెలిసినవాళ్లు లేకుండా వెళ్లొద్దు, అడక్కుండా ఫోన్ తీయొద్దు. మేం ఫొటోలు తీయలేదు.

ఆ పల్లెలో చాలామంది క్రైస్తవంలోకి వెళ్లారు, వాళ్ల గోడలమీద బొమ్మలు లేవు. ఒక ముసలాయన ఇంట్లో మాత్రం ఉంది. లోపల చీకటి. ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్ల నమిలిన కుంచెతో వేసిన తెల్లటి బొమ్మ. దీన్ని ఇడితాల్ అంటారు. చుట్టూ చౌకం గీత, లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు, ఒక చెట్టు. ఒక మూల సైకిల్ కూడా ఉంది! మొదట అంచు గీసి, లోపలికి నింపుకుంటూ వస్తారట. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, బిడ్డ పుట్టినా, పోయినవాళ్లను తలుచుకోవాల్సి వచ్చినా వేయిస్తారు. ఆ చౌకం అలంకారం కాదు, ఇల్లు. పోయినవాళ్లో దేవతో వచ్చి అందులో కూర్చుంటారు. అందుకని వాళ్లకు కావలసినవన్నీ అందులో ఉండాలి, ఎక్కడానికి గుర్రంతో సహా. ఇప్పటివాళ్లకు సైకిల్.

ఆ చీకట్లో మాకు కళ్లు సర్దుకోవడానికే చాలాసేపు పట్టింది. మనకు కనబడాలని వేసింది కాదది. అత్త నిలబడి దణ్ణం పెట్టింది. బయటికొచ్చాక, "మన ముగ్గులాంటిదే. కానీ మనం గుమ్మంలో ఏసి రమ్మంటాం, ఈళ్లు లోపలే ఏసి కూకోబెడతన్నారు" అంది.

గుణుపూర్‌లో ఒక కుర్రాడు ఇవే బొమ్మలు గుడ్డమీద వేసి అమ్ముతున్నాడు. చక్కటి చెయ్యి. లాంజియా సవర చిత్రాలకు 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ తర్వాత అడిగేవాళ్లు పెరిగారట. పెద్ద ఊళ్లలో కొన్ని షాపుల్లో దీన్ని వార్లీ అని అమ్ముతున్నారు. వార్లీ మహారాష్ట్రది, ఇది వేరు. వార్లీ మనిషి ఒళ్లు రెండు ముక్కోణాల మొనలు కలిసి నడుము దగ్గర పదునుగా ఉంటుంది, ఇక్కడ అంత పదును ఉండదు. పన్నెండు వందలకు ఒకటి తీసుకున్నాను. హాల్లో సోఫా వెనక గోడకు బావుంటుందని.

అత్త చూసి, "ఇందులో ఎవరుంటారే?" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఎవరూ ఉండరత్తా, చూడ్డానికే అన్నాను. ఆ కుర్రాడికి తెలుగు వచ్చు, విన్నాడు. "గుడ్డమీద ఏసినప్పుడు పిలవమమ్మా. పిలిస్తే మళ్లీ పెట్టాలి కదా" అన్నాడు చాలా మామూలుగా, గుడ్డను చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూ.

సాయంత్రం పర్లాకిమిడిలో దువ్వెన సిద్ధం. అత్త అక్కడే అరుగుమీద కూర్చుని ముడి విప్పి, తెల్లటి జుట్టంతా ముందుకు వేసుకుని దువ్వుకుంది. వీధిలో పోయేవాళ్లు చూశారు. ఆమె లెక్కచేయలేదు. పాతదాన్ని ఆయనే ఉంచుకుంటానన్నాడు, మాదిరికి. అత్త ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చేసింది.

రాయగడ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గుణుపూర్ నుంచి బస్సు, కొండ మలుపులు, అత్తకు వాంతులు. నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి. లాడ్జి బాగుంది, ఈ ప్రయాణం మొత్తంలో వేడినీళ్లు సరిగ్గా వచ్చింది ఇక్కడే. మజ్జిగౌరమ్మ దర్శనం అయింది. చాటికోనలో బుధవారం సంతకు నియమగిరి కొండల్లో ఉండే డొంగ్రియా కోందు గిరిజనులు దిగి వస్తారు. మేం చేరింది గురువారం, ప్లానింగ్ లోపం నాదే. వాళ్ల కపడాగండా శాలువా ఒకటి మాత్రం ఊళ్లో స్టాల్‌లో చూశాం. ముతక తెల్లగుడ్డమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, ముక్కోణాలు. ఆడపిల్లలు అన్నదమ్ములకో, మనసైన వాడికో కుట్టి ఇచ్చేది. "కొనుక్కుంటే ఎవరు ఇచ్చినట్టు?" అంది అత్త. ఈసారి మాత్రం నేను ఊరుకోలేదు. నెలల తరబడి కుట్టినదానికి ఆ పిల్లల చేతికి డబ్బు రావద్దా, ప్రేమించినవాడికి ఇంకోటి కుట్టుకుంటారులే అన్నాను. స్టాల్ ఆవిడ నా వైపే. అత్త కాసేపు గొణిగి, ధర అడిగి, శాలువాను మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చేసింది. మా దగ్గర అంత డబ్బు లేదు కూడా.

వచ్చి రెండు నెలలైంది. చీర చెప్పిన రోజుకు వారం ఆలస్యంగా వచ్చింది, అంచులో ముళ్ల గుర్తులతో సహా. నా సవర బొమ్మ ఇంకా బీరువా మీద చుట్టే ఉంది. ఫ్రేమ్ కట్టించే షాపుకు రెండుసార్లు తీసుకెళ్లి, రెండుసార్లూ వెనక్కి తెచ్చాను.

మొన్న అత్త ఫోన్ చేసింది. కొత్త దువ్వెనలో సన్నపళ్ల వైపు చివర నుంచి నాలుగోది, ఐదోది దగ్గరగా ఉన్నాయట, జుట్టు పట్టేస్తోందట. పర్లాకిమిడికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "అనుకున్నానమ్మా, అక్కడ ఆకురాయి జారింది. ఎవరైనా ఇటొస్తంటే పంపండి, రాసిస్తా" అన్నాడు. వచ్చే నెల మా పెదనాన్న కొడుకు టెక్కలి వెళ్తున్నాడు. దువ్వెన అతని చేతికి ఇచ్చాం. మళ్లీ వచ్చేదాకా అత్త ప్లాస్టిక్‌దే వాడుతోంది, రోజూ తిట్టుకుంటూ.